నీలం డబ్బా మీద పొరుగు సుంకం

మా ఎదురు వాటాలోంచి వచ్చే పప్పుచారు దేశీయ పరిశ్రమను దెబ్బతీస్తోందని ప్రభుత్వం వారు చెప్పేదాకా నాకు తెలియదు. నేను దాన్ని పప్పుచారనే అనుకుంటూ వచ్చాను.

మేముండేది ఆటోనగర్ వెనక సందులో, పై అంతస్తులో. అక్కడ రెండు వాటాలు, మధ్యన నాలుగడుగుల వరండా. ఇటు మేము. అటు భ్రమరాంబ పిన్ని గారు, ఆవిడ భర్త జోగారావు బాబాయ్ గారు. ఆయన బస్సు కండక్టరుగా రిటైరయ్యారు. మాకూ వాళ్లకూ చుట్టరికం ఏమీ లేదు. మేము అద్దెకు దిగి పాలు పొంగించిన రోజున గరిటె కనపడక నేను వెతుక్కుంటుంటే ఆవిడ తన గరిటె తెచ్చిచ్చారు. ఆ గరిటెతోనే పిన్ని గారయ్యారు.

మా ఆయన రత్నబాబు పూర్ణయ్య గారి ప్లాస్టిక్ డబ్బాల ఫ్యాక్టరీలో మిషను నడుపుతారు. బయటి దేశాల నించి బస్తాల్లో ప్లాస్టిక్ గింజలు వస్తాయి. అచ్చం సగ్గుబియ్యంలా ఉంటాయి. అందుకే ఆయన ఇంటికి రాగానే చొక్కా జేబులు, ప్యాంటు మడతలు దులిపి గానీ లోపలికి రానివ్వను. మా అమ్మాయి ధన్వికకి రెండేళ్ల ఏడు నెలలు. అన్నం తప్ప దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటుంది.

అన్నం తప్ప అన్నది ఊరికే అనలేదు. అంగన్‌వాడీలో తూకం వేస్తే తొమ్మిది కిలోల తొమ్మిది వందల గ్రాములు. రెండు నెలలుగా ముల్లు అక్కడే నిలబడింది. చార్టులో మా పిల్ల చుక్క పసుపు రంగులో ఉంది. "ఈసారి కూడా పెరక్కపోతే పెద్దాసుపత్రిలో పద్నాలుగు రోజులు వార్డులో పెట్టించాలమ్మా" అని టీచరు గారు చెప్పినప్పటి నించి నాకు కలలో కూడా త్రాసే కనిపిస్తోంది.

పిల్ల నోరు తెరిచేది ఒక్కదానికే. మధ్యాహ్నం పన్నెండున్నరకి పిన్ని గారు నీలం డబ్బాలో పప్పుచారు పట్టుకుని వచ్చి మా గ్రిల్లు తట్టి, "ఎవరికమ్మా పప్పుచారూ?" అంటారు. ఇది ఎక్కడున్నా పరిగెత్తుకొచ్చి "నాకూ!" అంటుంది. గడప మీద కూర్చుని ఆవిడ చేత్తో ఒక గిన్నెడు అన్నం తింటుంది. అదే కందిపప్పు, అదే చింతపండు, అదే సందు చివరి కొట్లో కొన్న మిరపకాయలు. నేను చేసి పెడితే ఉమ్మేస్తుంది. నీలం డబ్బా మా ఆయన మిషను మీద తయారైందే. పిన్ని గారికి ఓ పండగకి మేమే ఇచ్చాం.

ఇదీ పరిస్థితి. ఇందులోకి ప్రభుత్వం ఎలా వచ్చిందో చెబుతాను.

ఒకరోజు పూర్ణయ్య గారు ఓ లావుపాటి కవరు మా ఆయన చేతికిచ్చి పంపారు. మన దేశంలో ఆ గింజలే తయారుచేసే ఓ పెద్ద కంపెనీ ఢిల్లీలో ఫిర్యాదు చేసిందట. విదేశాల వాళ్లు గింజల్ని మరీ చవగ్గా మన మీద కుమ్మరిస్తున్నారు, వాటి మీద యాంటీ డంపింగ్ సుంకం వెయ్యండి అని.

"అంటే ఏంటండీ?" అని అడిగాను.

"వాళ్ల ఊళ్లో పది రూపాయలకమ్మే సరుకుని మన ఊళ్లో ఆరుకిస్తే అది డంపింగంట. ఆ నాలుగూ ఇక్కడ సుంకంగా వేస్తారంట."

"చవగ్గా ఇస్తే తప్పేంటి?"

"నేనూ అదే అడిగా. పూర్ణయ్య గారు కూడా అడుగుదామనుకున్నారంట. అడగడానికి వేరే ఫారం ఉందంట."

కవరులో ఉన్నది గింజలు వాడేవాళ్లు నింపాల్సిన ప్రశ్నావళి. నూట నలభై ఎనిమిది ప్రశ్నలు. ఏడాదిలో తేల్చాల్సిన కేసట. ఆ కాగితం ఢిల్లీలో బయల్దేరి మా దాకా వచ్చేసరికి తొమ్మిది నెలలు దాటింది. జవాబుకి మాత్రం వారం గడువు. పూర్ణయ్య గారికి సంతకం పెట్టడం వరకే ఓపిక. మా ఆయన సెలవు చీటీలు నేనే రాసిస్తాను, ఆ రాత గుండ్రంగా ఉంటుందని ఆయనకి గురుతు. "మీ ఆవిడ చేత నింపించెయ్, తప్పుల్లేకుండా రాస్తుంది" అన్నారట.

తప్పులు రాకూడదనే నేను నిజం రాశాను. తొంభై ఒకటో ప్రశ్న: "వస్తువు యొక్క అంతిమ వినియోగదారు పేరు, స్థాపించబడిన తేదీ." డబ్బాను ఆఖర్న వాడేది ఎవరు? ధన్విక. స్థాపించబడిన తేదీ దగ్గర మాఘ శుద్ధ ఏకాదశి, ఉదయం ఆరు నలభై అని రాశాను. తొంభై రెండు: "వినియోగ విధానమును సవిస్తరముగా తెలుపుము. దాచిన యెడల అందుబాటులోనున్న వాస్తవముల మేరకు ప్రతికూల నిర్ణయము గైకొనబడును." నాకు భయం వేసింది. ఐదు తెల్లకాగితాలు అదనంగా తీసుకుని పన్నెండున్నర, గ్రిల్లు, గడప, 'నాకూ', అన్నీ రాశాను. చివర్న మా అమ్మాయి బరువు కూడా రాశాను. ఢిల్లీ వాళ్లు ఏదైనా మందు చెబుతారేమోనని ఆశ.

మూడు వారాలకి ఒకాయన మెట్లెక్కి వచ్చారు. భుజాన సంచి, చేతిలో కొలత టేపు, జేబులో స్టాంపు ప్యాడు.

"నిష్ఠల సదాశివమూర్తి. వాణిజ్య రక్షణ విచారణాధికారిని. స్థల పరిశీలన నిమిత్తం వచ్చాను. అంతిమ వినియోగదారు వారు ఇంట్లో ఉన్నారా?"

"నిద్రపోతోందండీ."

"నమోదు చేసుకుంటాను" అని రాసుకున్నారు. తర్వాత వరండాను టేపుతో కొలిచారు. రెండు వాటాల మధ్య సరిహద్దు ఎక్కడని అడిగారు. నేను ముగ్గు చెరిగిపోయిన చోటు చూపించాను. అంతకుమించి మాకెప్పుడూ అవసరం పడలేదు.

సరిగ్గా పన్నెండున్నరకి పిన్ని గారు గ్రిల్లు తట్టారు. పిల్ల లేచి పరిగెత్తింది. మొదటి ముద్ద నించి ఆఖరి ముద్ద దాకా మూర్తి గారు కళ్లార్పకుండా చూశారు. డబ్బా కడిగి రెండు జామకాయలు వేసి నేను తిరిగిస్తుంటే మధ్యలో అడ్డొచ్చారు.

"ఇవేమిటి?"

"డబ్బా ఖాళీగా ఇవ్వకూడదు కదండీ."

"ఏ చట్టం ప్రకారం?"

పిన్ని గారు నవ్వారు. "మా అత్తగారి చట్టం నాయనా."

"అమ్మా, ఈ ద్రవ పదార్థాన్ని మూలస్థానంలో, అనగా మీ వాటాలో, ఎంతకు విక్రయిస్తున్నారు?"

"పప్పుచారు అమ్మడమేంటి? విడ్డూరం!"

"ఇక్కడికి ఎంతకు ఎగుమతి చేస్తున్నారు?"

"ఊరికే."

మూర్తి గారు కలం కింద పెట్టారు. "ఇరవై రెండేళ్ల సర్వీసులో ఎంతో దుర్మార్గమైన విదేశీ కంపెనీల్ని చూశాను. ఊరికే అన్న మాట వాళ్లు కూడా అనలేదు."

పిన్ని గారు జామకాయలు తీసుకుని నవ్వుకుంటూ వెళ్లిపోయారు. ఆవిడకి పొయ్యి మీద వంకాయ ఉంది.

"సార్, మీరు గింజల కోసం కదండీ వచ్చింది?" అన్నాను.

"గింజలు డబ్బాగా మారాయి. డబ్బా సరిహద్దు దాటింది. డబ్బాతో పాటు డబ్బాలోదీ పరిశీలనలోకి వస్తుంది. మూత తియ్యకుండా వదిలేస్తే రేపు ప్రతివాడూ గింజల్ని చారులో వేసి తెస్తాడు." కొత్త కాగితం తీశారు. "సారూప్య వస్తువును మీరూ తయారుచేస్తారా?"

"చేస్తానండీ."

"వినియోగదారు స్వీకరిస్తున్నారా?"

"లేదండీ. ఉమ్మేస్తుంది."

"ఎంతకాలంగా?"

"పళ్లొచ్చిన దగ్గర్నించీ."

"దానివల్ల తమకు నష్టం గానీ, బాధ గానీ కలిగిందా?"

నేను ఆ ప్రశ్న అంతకుముందు ఎవరి నోటా వినలేదు. బిడ్డ ఎందుకు తినడం లేదని అత్తగారు అడిగారు, టీచరు గారు అడిగారు, సందులో అందరూ అడిగారు. నీకు బాధగా ఉందా అని ఎవరూ అడగలేదు. స్టాంపు ప్యాడు పట్టుకుని మరీ అడిగేసరికి నాకు ఆగలేదు.

"ఉందండీ. నేను చేసింది ఎత్తి పారబోసేటప్పుడు ఒక్కోసారి ఏడుపొస్తుంది."

"ఏడుపు. వారానికి సుమారు?"

"మూడుసార్లు."

'వస్తుగత నష్టము: రుజువైనది' అని రాసి స్టాంపు గుద్దారు. "ఇక మీరు బెంగపడకండమ్మా. మీరే దేశీయ పరిశ్రమ. మిమ్మల్ని రక్షించడమే నా విధి."

నన్ను అంత పెద్ద మాట ఎవరూ అనలేదు. కాఫీ ఇచ్చాను. బిస్కెట్లు కూడా పెట్టాను. ఆయనతో అన్న ఏడుపు మాట ఎంత పని చేస్తుందో అప్పుడు తెలియలేదు.

మర్నాడు ఆయన ఎదురు వాటాకి వెళ్లారు. గోడలు పల్చనివి, అన్నీ వినపడ్డాయి.

"ఈ వాటాలో వస్తువుల ధర, పరిమాణం ఎవరు నిర్ణయిస్తారు?"

"ధరలా?" అన్నారు జోగారావు బాబాయ్ గారు. "నేనేం తినాలో, ఎంత తినాలో, ఎప్పుడు లేవాలో అంతా ఆవిడే సార్. ముప్పై ఆరేళ్లుగా నాకు టికెట్ కొట్టేది ఆవిడే."

"అనగా ఇక్కడ స్వేచ్ఛా మార్కెట్ లేదు."

"స్వేచ్ఛ అనే మాట కాస్త మెల్లగా అనండి, లోపలే ఉంది."

స్వేచ్ఛా మార్కెట్ లేని చోటి ధరలు చెల్లవట. అలాంటప్పుడు దానితో పోల్చదగ్గ మరో ప్రాంతాన్ని తీసుకుంటారట. మూర్తి గారు సందు చివరి ఇడ్లీ హోటలుకి వెళ్లారు. అక్కడ సాంబారు ఎంతంటే, ఇడ్లీతో ఊరికేనన్నారు. అడిగితే రెండోసారి కూడా పోస్తామన్నారు. ఆయన ఇడ్లీ తినకుండానే లేచొచ్చి హోటలు మీద వేరే ఫైలు తెరిచారు. చివరికి పప్పు, పులుపు, తాలింపు, గ్యాసు, పిన్ని గారి మోకాళ్ల నొప్పి, పైన సముచిత లాభం, అన్నీ కలిపి ఆయనే ఒక విలువ కట్టారు. ఆ మొత్తమూ సుంకం. డబ్బాకి నలభై ఒక్క రూపాయలు.

నాలుగో రోజున రెండు వాటాల తలుపులకీ ప్రకటన అతికించారు. అందులో గోప్యత పాటించారు. "దేశీయ పరిశ్రమ (★★★) వారు, ఎదురు వాటా (★★★) వారి పప్పుచారు వలన తాము వస్తుగత నష్టమునకు గురై వారమునకు మూడు పర్యాయములు రోదించుచున్నట్లు వాంగ్మూలమిచ్చిరి." మా అంతస్తులో ఉన్నవే రెండు వాటాలు.

పిన్ని గారు కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివారు. అప్పటికి ఆ పూట డబ్బా మా ఇంట్లోనే ఉంది, ఇంకా కడగలేదు.

"అమ్మాయ్, నా పప్పుచారు నీకు నష్టమా?"

"అయ్యో, అలా కాదు పిన్ని గారూ. ఆయన అడిగారు, నేను..."

"వారానికి మూడుసార్లు ఏడుస్తున్నావా?"

ఔనన్నట్టు తలూపాను.

"నాలుగడుగుల దూరంలో ఉన్నాను. నాకు చెప్పొచ్చుగా? ఢిల్లీకి చెప్పుకోడమెందుకు?"

తలుపు వేసేశారు. ఆవిడ తలుపు పగటిపూట వెయ్యగా చూడటం అదే మొదలు.

అంగన్‌వాడీ తూకానికి తొమ్మిది రోజులుంది.

మర్నాడు పన్నెండున్నరకి పిల్ల గడప మీద కూర్చుని మూసిన తలుపుకేసి "నాకూ" అంది. కాసేపాగి మళ్లీ అంది. నేను పప్పుచారు చేశాను. ఉమ్మింది. ఇంగువ పెంచాను. ఉమ్మింది. నీలం డబ్బాలో పోసి పెట్టాను. డబ్బాని నిమిరింది, ముద్దని ఉమ్మింది. ఇక సిగ్గు విడిచి నేనే వరండాలోకి వెళ్లి, మా గ్రిల్లు నేనే తట్టి, పిన్ని గారి గొంతు పెట్టి "ఎవరికమ్మా పప్పుచారూ?" అన్నాను. పిల్ల వచ్చి చూసి, "అమ్మ" అని చెప్పి వెళ్లిపోయింది. దాని మొహంలో నా మీద జాలి కనపడింది.

మూడో రోజుకి దాని మెడ సన్నబడినట్టనిపించి మూర్తి గారికి ఫోను చేశాను.

"దిగుమతులు ఎలా ఉన్నాయమ్మా?"

"ఆగిపోయాయండీ. ఒక్క డబ్బా కూడా రావడం లేదు."

"శుభం! వినియోగం?"

"అది కూడా సున్నానండీ. పాలు, నాలుగు బిస్కెట్లు తప్ప ఏమీ ముట్టడం లేదు."

ఏదో లెక్క చూసుకున్నారు. "అయితే పప్పుచారు మార్కెట్లో వంద శాతం వాటా ఇప్పుడు మీదే. ఇంత త్వరగా కోలుకున్న పరిశ్రమను నేను చూడలేదు. అభినందనలు."

మా ఆయన డ్యూటీ నించి వచ్చి పిల్లని ఎత్తుకుని అటూ ఇటూ తూచినట్టు ఊపారు. "పూర్ణయ్య గారిని త్రాసు అడగనా, గింజలు తూచేది?" అన్నారు. నాకు ఒళ్లు మండింది. ఆయన మాత్రం ఏం చేస్తారు.

ఐదో రోజున గిన్నెలు సర్దుతుంటే నీలం డబ్బా చేతికి తగిలింది. మాటలు లేకపోతే లేకపోయాయి, వాళ్ల వస్తువు మన దగ్గరుంచుకోకూడదు. ఖాళీగా ఇవ్వకూడదు. జామకాయలు లేవు. డబ్బాలో వెయ్యడానికి ఇంట్లో చక్కెర కూడా లేదు, పొద్దున్నే కాఫీతో అయిపోయింది. ఉన్నదల్లా పిల్ల అప్పుడే ఉమ్మేసిన నా పప్పుచారు. అంటే గిన్నెలో మిగిలినది. అదే పోసి మూత పెట్టి వెళ్లి తలుపు తట్టాను.

పిన్ని గారు తలుపు తీసి, డబ్బా తీసుకుని, నా మొహంలోకి చూడకుండా మూసేశారు.

నేను ఇంట్లోకొచ్చి కూలబడ్డానో లేదో గ్రిల్లు దబదబా మోగింది.

"అమ్మాయ్!" పిన్ని గారి గొంతు మంచి కోపంగా ఉంది. "ఎవరికమ్మా ఈ పప్పుచారు? నన్ను ఎగతాళి చెయ్యడానికా? నా డబ్బాలో నాకే..."

"నాకూ!"

మంచం కింద నించి వచ్చింది మాట. వెనకే పిల్ల వచ్చింది. గడప మీద కూర్చుని నోరు తెరిచింది.

పిన్ని గారు డబ్బా పట్టుకుని అలాగే నిలబడిపోయారు. ఎంత కోపం ఉన్నవాళ్లయినా తెరిచిన నోటి ముందు ఎంతసేపు నిలబడతారు? కూర్చున్నారు. నేను గబగబా అన్నం తెచ్చాను. ఆవిడ కలిపి పెట్టారు. పిల్ల మింగింది. మళ్లీ నోరు తెరిచింది. గిన్నె ఖాళీ అయ్యేదాకా మేమిద్దరం ఊపిరి కూడా గట్టిగా తియ్యలేదు.

"ఇది నువ్వు చేసిందే కదూ?" అన్నారు పిన్ని గారు మెల్లగా.

"నేనేనండీ. పది నిమిషాల క్రితం ఉమ్మిందిదే."

ఆవిడ వేలితో డబ్బా అంచు తుడిచి నాలిక మీద పెట్టుకున్నారు. "ఇంగువ తక్కువైంది."

"మీకు ఎప్పుడూ ఎక్కువేనండీ."

"అది కూడా ఢిల్లీకి రాశావా?"

ఇద్దరం నవ్వేశాం. నేను మధ్యలో కాస్త ఏడ్చాను కూడా. అది వారం లెక్కలోకి రాదు.

ఆ రోజు నించి పద్ధతి మారింది. పన్నెండుంబావుకి నా పప్పుచారు నీలం డబ్బాలో నాలుగడుగులు దాటి అటు వెళుతుంది. పన్నెండున్నరకి పిన్ని గారు పట్టుకుని ఇటు వస్తారు. అటు వెళ్లినప్పుడు పప్పుచారే, ఇటొచ్చేసరికి మా అమ్మాయికి భోజనం.

ఇది ఎలా తెలిసిందో గానీ తూకానికి ముందు రోజు మూర్తి గారు కింద స్కూటర్లు పెట్టే చోట బహిరంగ విచారణ పెట్టారు. ఆసక్తిగల పక్షాలన్నీ హాజరు కావాలన్నారు. పూర్ణయ్య గారొచ్చారు, మా ఆయన షిఫ్టు మానుకుని వచ్చారు, బాబాయ్ గారు కుర్చీ తెచ్చుకున్నారు. ఫిర్యాదు చేసిన పెద్ద కంపెనీ తరఫున కూడా టై కట్టుకున్న ఒకాయన వచ్చి, పప్పుచారు అన్న మాట నాలుగుసార్లు వినగానే తప్పు విచారణకొచ్చాననుకుని వెళ్లిపోయారు.

"ఎదురు వాటా నించి డబ్బాలు మళ్లీ వస్తున్నట్లు సమాచారం" అన్నారు మూర్తి గారు. "సుంకం చెల్లించారా?"

"లేదండీ" అన్నాను.

"ఎగవేత! డబ్బాను జప్తు చేయవలసి ఉంటుంది."

రేపు తూకం. "సార్, ఆ పప్పుచారు నాదేనండీ."

"మీ పప్పుచారు మీ ఇంటికి ఎదురింట్లోంచి ఎందుకొస్తుంది?"

"ముందు నేను పంపుతాను కదండీ."

ఆయన పుస్తకం తీసి చాలాసేపు పేజీలు తిప్పారు. "స్వదేశంలో తయారై, ఎగుమతి అయి, ఎట్టి మార్పూ చెందక తిరిగొచ్చిన సరుకు దిగుమతి కాదు. ఇది నిజమే." కళ్లజోడు పైకి నెట్టారు. "మార్పు చెందలేదని హామీ ఇవ్వగలరా?"

అందరం పిన్ని గారి వైపు చూశాం. ఆవిడ కొంగు సవరించుకున్నారు. అబద్ధం ఆవిడ వంట్లో లేదు.

"చిటికెడు ఇంగువ వేస్తాను నాయనా."

"పిన్ని గారూ!" అన్నాను.

"ఏం చెయ్యనే, నువ్వు వెయ్యవు!"

"అయితే ఇది శుద్ధి ప్రక్రియ" అన్నారు మూర్తి గారు ఉత్సాహంగా. "ఇంగువ వల్ల పెరిగిన విలువను నిర్ధారించాలి. నమూనా తెప్పించండి."

పూర్ణయ్య గారు వాచీ చూసుకుని, "నా గింజల సంగతి ఎప్పుడండీ?" అన్నారు.

"వరుసలో ఉంది."

పిన్ని గారు డబ్బా, చెంచా తెచ్చారు. మూర్తి గారు మూత తీశారు. వాసన చూశారు. ఒక చెంచా తాగారు. మొహంలో అధికారం కాస్త సడలింది. పొద్దున బస్సు దిగింది మొదలు ఆయనేమీ తిన్నట్టు లేదు. హోటలు మీద ఫైలు తెరిచినవాడికి సందులో ఇడ్లీ ఎవరు పెడతారు? "నిర్ధారణకు ఒక్క చెంచా చాలదు" అని రెండోది తాగారు. మూడోది అన్నంతో చూడాలన్నారు. నేను అన్నం గిన్నె తెచ్చాను. ఆయన కలుపుకుని ముద్ద ఎత్తారు.

"నాకూ!"

అంతిమ వినియోగదారు వారు ఆయన మోకాలు పట్టుకుని నోరు తెరిచి నిలబడ్డారు.

మూర్తి గారు పుస్తకం వైపు చూశారు. అందులో దీనికి ఏమీ ఉన్నట్టు లేదు. చేతిలో ముద్ద, ఎదురుగా నోరు. మా వైపు చూశారు. ఎవరం సాయం చెయ్యలేదు. చివరికి ముద్ద పిల్ల నోట్లో పెట్టారు. మింగింది. ఇంకోటి పెట్టారు. "నములు, నములు, మింగెయ్యకూడదు" అంటున్నారు, ఆ గొంతు ఆయనదే అంటే నమ్మలేకపోయాం. ఒక ముద్ద దానికి, ఒకటి తనకి. అలా గిన్నె అడుగు కనపడింది.

"సార్, నమూనా అయిపోయింది" అన్నారు బాబాయ్ గారు.

మూర్తి గారు ఉలిక్కిపడి చెయ్యి కడుక్కున్నారు. కలం తీసి గంభీరంగా రాశారు: 'సాక్ష్యము విచారణ సమయమున వినియోగించబడినది. ఇంగువ విలువ నిర్ధారించుటకు వీలుపడలేదు.'

"అయినా డబ్బాను ఢిల్లీకి తీసుకెళ్లాలి. మొదటి నంబరు వస్తువు" అన్నారు సంచి తెరుస్తూ.

"తీసుకెళ్లండి నాయనా" అన్నారు పిన్ని గారు. "పని కాగానే పంపించండి. ఖాళీగా మాత్రం పంపకూడదు సుమా."

ఆయన చెయ్యి ఆగింది. ఖాళీగా పంపకూడదంటే ఏదో వెయ్యాలి. వేస్తే ఊరికే వెయ్యాలి. ఊరికే వేస్తే దాని మీద ఎవరు విచారణ చెయ్యాలి? ఆయన నుదుట చెమట మాకందరికీ కనపడింది. డబ్బాను మెల్లగా పిల్ల చేతికిచ్చి, సంచి మూసుకుని, బస్సు వేళయిందని వెళ్లిపోయారు.

మర్నాడు అంగన్‌వాడీలో పిల్లని త్రాసు ఉయ్యాలలో కూర్చోబెట్టారు. నేను కళ్లు మూసుకున్నాను. టీచరు గారు నా భుజం తట్టి, "చూడమ్మా, చూడు" అన్నారు. పది కిలోల నూట యాభై. చార్టులో పెట్టిన చుక్క ఆకుపచ్చ రంగును ఆనుకుని ఉంది. ఆ చార్టు నకలు ఒకటి అడిగి తీసుకుని మూర్తి గారికి పోస్టు చేశాను. మందేమైనా చెబుతారేమోనని మొదట ఆశపడ్డాను కదా, కబురు చెప్పడం మర్యాద.

రెండు నెలలకి అంతిమ నిర్ణయం వచ్చింది. ముప్పై రెండు పేజీలు. సారాంశం ఇది: "అంగన్‌వాడీ కేంద్రము వారి ధ్రువపత్రము మేరకు, విచారణ కాలములో దేశీయ పరిశ్రమ రెండు వందల యాభై గ్రాములు వృద్ధి చెందినందున నష్టము లేదని తేలినది. పప్పుచారుపై సుంకము ఉపసంహరించడమైనది." చివరి పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఇంకో వాక్యం ఉంది. గింజల కేసు విచారించుటకు సమయము చాలక, గడువు తీరిపోయినందున మూసివేయడమైనదట. పూర్ణయ్య గారు ఫ్యాక్టరీలో అందరికీ లడ్డూలు పంచి, మా ఇంటికి ఒక డబ్బా ప్రత్యేకంగా పంపారు. ఈసారి ఆకుపచ్చది.

ముప్పై రెండు పేజీలూ మా అమ్మాయి పడవలు చేయించుకుంది.

నిన్న పొద్దున దానికి జ్వరం తగిలి త్వరగా నిద్రపోయింది. పన్నెండుంబావుకి నేను డబ్బా పంపలేదు. వంటే చెయ్యలేదు. నుదుటి మీద తడిగుడ్డ మారుస్తూ కూర్చున్నాను. పన్నెండున్నరకి గ్రిల్లు చప్పుడైంది, మెల్లగా.

"ఎవరికమ్మా పప్పుచారూ?"

పిల్ల కదల్లేదు. నేను లేచి వెళ్లి, "నాకూ" అన్నాను.

పిన్ని గారు గడప మీద చతికిలబడి తన గిన్నె మూత తీశారు. ఇంగువ వాసన గుప్పుమంది. ఈ పప్పుచారు ఎక్కడ తయారైందో, ఎంతకిచ్చారో నేను ఎవరికీ రాయలేదు.